యుగంధర్ అరచెయ్యి

ధర్సీవా అనే ఊరి దగ్గర, అరిగిపోయిన మిల్లు రోలర్లకు లేజర్‌తో గట్టి పూత వేసే షెడ్డుకు యుగంధర్ మేనేజరు. ఐదు లోహాల పొడిని కరిగించి వేసే ఆ పూత గురించి చెప్పేటప్పుడు, ఆ ఐదింటినీ తానే కన్నట్టు మాట్లాడతాడు. నికెల్, కోబాల్ట్ అంటూ వేళ్లు ముడుస్తూ పోయి, ఐదో వేలు దగ్గర ఎప్పుడూ తడబడతాడు. తడబడినప్పుడల్లా మల్లెనూనె కారే జుట్టును అరచేత్తో వెనక్కి దువ్వుకుంటాడు. అదే చేత్తో, పూత కోసం తుడిచి సిద్ధంగా పెట్టిన రోలరును నిమురుతాడు. “చూడండి సేఠ్‌జీ, ఎంత చిక్నాగా, నున్నగా ఉందో! నా బిడ్డ లెక్క,” అని వచ్చినవాళ్లతో అంటాడు. రోలరుకు నూనె మరక తగిలితే పూత నిలవదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది కూడా అతనే. ఆ రాత పనివాళ్ల కోసం.

మొన్న ఒక రోలరు మిల్లు నుంచి వెనక్కి వచ్చింది. పూత అంతటా అద్దంలా ఉంది గాని, ఒక్కచోట పెచ్చులుగా లేచిపోయింది. లేచిన మేర అచ్చం అరచెయ్యి ఆకారం. యుగంధర్ మొహం కందగడ్డ అయింది. “కిస్‌కా హాథ్ హై యే? ఎవడ్రా చెయ్యి పెట్టింది? చలో, అందరూ చేతులు చూపించండి!” అని అరిచాడు. పనివాళ్లు గ్లవ్స్ విప్పి చేతులు చాచారు. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు. చూసి చూసి విసిగి, జుట్టు వెనక్కి దువ్వుకుని, ఆనుకోవడానికి రోలరు మీద చెయ్యి వేశాడు. పెచ్చులు లేచిన చోట ఆ చెయ్యి వేలికి వేలు సరిపోయింది. పనివాళ్లు గ్లవ్స్ మళ్లీ తొడుక్కున్నారు.

“దొరుకుతాడు, ఎక్కడికి పోతాడు!” అన్నాడు యుగంధర్, అక్కణ్ణుంచి చెయ్యి తీయకుండానే.