కొండవాలు మడులు

విశాఖలో ఆ కొండవాలు మీద అన్నిటికన్నా పైనున్న ఇల్లు అప్పలసూరిది. హార్బర్లో మూటలు మోసిన మనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఇంటి వెనక వాలుని మెట్లుమెట్లుగా తవ్వి, ఒక్కో మెట్టుకీ రాళ్ళతో గట్టు పేర్చి, ఆ చిన్న మడుల్లో అంబలికి చోళ్ళు, కూరకి చిక్కుళ్ళు వేస్తాడు. తెల్లారగానే మడి నుంచి మడికి దిగుతూ, కదిలిన రాయిని అరికాలితో నొక్కి చూస్తాడు. పలకరించే మనిషి ఉండడు. మొన్నటి వానకి అట్టడుగు మడి గట్టు తెగి, మట్టంతా దిగువింటి మహేశ్వరి వాకిట్లోకి జారింది. ఆమె రొప్పుకుంటూ పైకొచ్చింది.

“ఏటి తాతా ఇది? ఉతికిన బట్టలన్నీ బురదైపోనాయి!”

“తప్పైపోనాదమ్మా. కూకో, టీ పెడతాను.” ఉన్న ఒక్క కుర్చీని తువ్వాలుతో తుడిచాడు.

“టీ వద్దు, ఏటీ వద్దు. ముందు ఆ గట్టు సరిగ్గా కట్టు!”

కూర్చోకుండానే దిగిపోయింది. ఎన్నాళ్ళకో ఒక మనిషి గుమ్మం దాకా వచ్చినందుకు, తిట్లు తిన్నా ఆ పూటంతా అతని మొహం వెలుగుతూనే ఉంది. మర్నాడే పెద్ద రాళ్ళు మోసుకొచ్చి గట్టు గట్టిగా కట్టాడు. ఆ వారం మళ్ళీ జోరువాన కురిసింది. పిడికెడు మట్టి కూడా కిందికి జారలేదు. మహేశ్వరికి పైకొచ్చే పని పడలేదు.