బల్ల కింద కుడిచెయ్యి

వితంతువు ఆర్ఫా టట్ల్ ఇంట్లో భోజనానికి ముందు అందరూ బల్ల చుట్టూ చేతులు కలుపుకుని, కళ్లు మూసుకుని ప్రార్థించాలి. ఆ కాన్సస్ గడ్డిమైదానంలో ఎవరింట్లోనైనా అదే ఆనవాయితీ. బావులు తవ్వడానికొచ్చి ఆమె ఇంట్లో బస చేసిన ఏమస్ పెల్ మాత్రం ఎడమచెయ్యే ఇచ్చేవాడు. కుడిచెయ్యి బల్ల కిందే ఉండేది. కూర్చోవడం కూడా గోడకి వీపు ఆనించి, గుమ్మం కనబడేలా.

“నీ కుడిచేతికింకా బాప్తిస్మం కాలేదా ఏమిటయ్యా?” అనేవాడు అక్కడే తినే కమ్మరి ఈనోక్.

“బెణికిందన్నా.”

బెణికిన చేత్తో పొద్దంతా పలుగెలా వేస్తాడో ఆర్ఫాకి అర్థమయ్యేది కాదు.

మంచివాడే. ఆమె లేచేసరికి పొయ్యి దగ్గర పిడకలు పేర్చి ఉండేవి. ఎదురింటి ముసలమ్మకి అడక్కుండానే నీళ్లు మోసిపెట్టేవాడు. అయినా ఆమెకి లోపలొక ముల్లు. టెక్సస్‌లో ఎందరినో కాల్చి మాయమైన కోల్ రెడ్‌ఫర్న్ గురించి వినని వాళ్లెవరు? కుడిచెయ్యి ఎవరి చేతిలోనూ పెట్టడట, గుమ్మానికి వీపు పెట్టి కూర్చోడట వాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. “నిజం చెప్పు నాయనా. పెల్ నీ పేరేనా?”

ఏమస్ బకెట్ కింద పెట్టాడు. “ఇప్పుడదే నా పేరమ్మా. పొమ్మంటే పోతాను.”

ఆమె పొమ్మనలేదు, ఉండమనలేదు. ఆ రాత్రి తన గదికి గడియ మాత్రం వేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం వడ్డించబోతుండగా ఈనోక్ కిటికీలోంచి చూసి గొంతు తగ్గించాడు. “రెండు పిస్తోళ్లవాడు వస్తున్నాడు. నిన్న దుకాణం దగ్గర రెడ్‌ఫర్న్ ఎక్కడని అడిగింది వీడే. వాణ్ణి చంపి పేరు తెచ్చుకుంటాడట.”

ఏమస్ ముఖం పాలిపోయింది. బల్ల కింద ఏముందో ఆర్ఫాకి తెలియదు. తుపాకీయే ఉంటే? అయినా ఆమె గుమ్మానికి వీపు పెట్టి ఉన్న కుర్చీ చూపించింది.

“ఇవాళ ఇక్కడ కూర్చో నాయనా. ఆ చెయ్యి ఇలా తే.”

అతను ఆమెనే చూస్తూ లేచి వచ్చి కూర్చున్నాడు. కుడిచెయ్యి పైకొచ్చింది. ఖాళీగా ఉంది, మంచుముక్కలా ఉంది. ఎడమచెయ్యి ఈనోక్ పట్టుకున్నాడు.

బూట్ల చప్పుడు గుమ్మంలో ఆగింది. ఆర్ఫా కళ్లు మూసుకుని, వానకీ పశువులకీ, చివరికి దారిన పోయే పరాయివాళ్లకీ కూడా మేలు కోరుతూ ఎన్నడూ లేనంత పొడుగ్గా ప్రార్థించింది.

“వీడా రెడ్‌ఫర్న్!” వెనక నుంచి నవ్వు వినిపించింది. “రెండు చేతులూ ఆడంగిలా అప్పజెప్పి, వీపు నాకిచ్చి తల వంచుకున్నాడు. రెడ్‌ఫర్న్ చచ్చినా ఇలా కూర్చోడు.”

“తిని వెళ్లు నాయనా,” అంది ఆర్ఫా కళ్లు తెరవకుండానే.

వాడు వినిపించుకోలేదు. గుర్రం చప్పుడు దూరమైంది.

“ఆమెన్,” అన్నాడు ఈనోక్, గట్టిగా ఊపిరి వదులుతూ.

ఏమస్ మాత్రం కళ్లు తెరవలేదు. ఆమె వేళ్లు నొప్పి పుట్టేదాకా బిగించి పట్టుకునే ఉన్నాడు.

“ఇక వదులు నాయనా,” అంది ఆర్ఫా మెల్లగా. “చిక్కుడుగింజలు చల్లారిపోతున్నాయి.”