అమ్మ కాలు, నాన్న స్టీరింగు

నా మనవరాలికి సైబర్‌జయలో ఉద్యోగం వచ్చింది. కారు కొనుక్కోవాలట. "అమ్మమ్మా, గేర్లున్నది కొననా, ఆటోమేటిక్ కొననా?" అని సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో అడిగింది. నాకు లైసెన్సే లేదని దానికి తెలుసు. పెద్దదాన్ని కూడా ఒక మాట అడిగామనిపించుకోవడం, అంతే. నేను జవాబు మొదలుపెట్టేసరికే ఫోనులో రంగులు చూసుకుంటూ కూర్చుంది. సరే, దానికి చెప్పాలనుకున్నది ఇక్కడ రాసుకుంటాను. కాగితం మధ్యలో లేచిపోదు.

మా నాన్న ఇక్కడే, ఈ మలాయ్ దేశంలోనే, పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో డ్రెస్సర్. అంటే తోట ఆసుపత్రిలో డాక్టరు కాని డాక్టరు. అసలు డాక్టరు టౌను నుంచి ఎప్పుడో వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. జ్వరాలూ, పుళ్ళూ, పాముకాట్లూ అన్నీ నాన్న నెత్తిమీదే. తోటలో రబ్బరు పాలు గీసేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్ళు. మా తాత కూడా లైన్లనే ఆ కూలీల వరస ఇళ్ళలోనే బతికాడు. నాన్న నాలుగు ముక్కలు చదువుకున్నాడు కాబట్టి మాకు ఆసుపత్రి పక్కన చిన్న క్వార్టర్సు, కంపెనీ ఇచ్చిన ఒక పాత కారు దక్కాయి. కారు ఎందుకంటే, కొండ దాటాక అడవి అంచున తోటకి రెండో డివిజన్ ఉంది. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్ళి రోగుల్ని చూసి రావాలి.

స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సిపాయిలు, లైన్ల చుట్టూ ముళ్ళకంచె. గేటు దాటేటప్పుడు ఒళ్ళంతా తడిమి చూసేవారు. గుప్పెడు బియ్యం కాదు కదా, వండిన అన్నం కూడా బయటికి పోకూడదు, అడవిలోవాళ్ళకి చేరుతుందని భయం. పాలు గీసేవాళ్ళు తెల్లవారుజామున ఇంత గంజి తాగి వెళ్తే, మళ్ళీ ఇంటికొచ్చాకే ముద్ద. ఆడవాళ్ళు పని వేళల్లో తప్ప గేటు దాటేవాళ్ళు కాదు. పని లేని మా అమ్మ అసలు దాటేదే కాదు. క్వార్టర్సు, నీళ్ళ కుళాయి, మారియమ్మ గుడి, అక్కడితో ఆమె ప్రపంచం సరి.

ఆ మధ్యనే తోట లారీ బోల్తా పడి నాన్న ఎడమ మోకాలు నుజ్జయింది. కట్టు విప్పాక కర్ర పట్టుకుని నడిచాడు గాని, ఆ కాలితో దేన్నీ గట్టిగా నొక్కలేడు. కారులో క్లచ్ ఎడమ కాలికిందే కదా ఉండేది! క్లచ్ తొక్కలేకపోతే గేరు పడదు, గేరు పడకపోతే బండి కదలదు. బండి నడపలేని డ్రెస్సర్‌ని తోట ఎందుకు ఉంచుకుంటుంది? ఉద్యోగం పోతే క్వార్టర్సు పోతుంది, మళ్ళీ లైన్లకే. నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు.

దారి కనిపెట్టింది అమ్మే. ఆ కారులో ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు సీటు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. స్టీరింగు కుడివైపు, క్లచ్ అన్నిటికంటే ఎడమకి. అమ్మ నాన్నని ఆనుకుని కూర్చుని కుడికాలు చాచి చూపించింది.

"ఇదిగో, అందుతన్నాది. ఎప్పుడు తొక్కాలో మీరు సెప్పండి."

"నీకేటి తెలుసే బండి గురించి?"

"నాకు తెలియక్కర్నేదు. నా కాలికి తెలిస్తే సాలు."

అలా మొదలైంది. నాన్న "తొక్కు" అనేవాడు, అమ్మ తొక్కేది. నాన్న గేరు మార్చి "ఒగ్గు" అనేవాడు, అమ్మ మెల్లగా కాలు వదిలేది. మొదట్లో బండి కప్పలా గెంతేది, వెనక సీట్లో మందుల పెట్టె పట్టుకుని నేను కిందా మీదా పడేదాన్ని. నెల తిరిగేసరికి మాటల అవసరం లేకపోయింది. నాన్న చెయ్యి గేరు మీదికి కదిలితే చాలు, అమ్మ కాలు కదిలేది. అంత చక్కగా ఇద్దరు మనుషులు కలిసి ఒక పని చెయ్యడం నేను మళ్ళీ చూడలేదు. నా కాపురంలో కూడా.

కాకపోతే ఇద్దరికీ మాటా మాటా పెరిగిన రోజున బండికి దగ్గు పట్టుకునేది. ఒకసారి నాన్న మా మేనమామ మీద ఏదో అన్నాడని అమ్మ మూతి ముడుచుకుంది. సరిగ్గా కొండ ఎక్కేచోట నాన్న "తొక్కు" అన్నాడు. అమ్మ వినిపించుకోనట్టు కిటికీలోంచి చూసింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. ఆ రోడ్డు మీద ఎక్కడా బండి ఆపొద్దని పోలీసుల హెచ్చరిక. చుట్టూ అడవి, పక్షి అరుపు కూడా లేదు. అమ్మ గబగబా క్లచ్ తొక్కిపట్టి, "ముందు బండి తియ్యండి, కొట్లాట ఇంటికెల్లినాక," అంది. ఇంటికెళ్ళాక నిజంగానే మిగతా కొట్లాట పూర్తిచేసింది.

టౌను రోడ్డు మీద పోలీసులు బండి ఆపి చూసేవాళ్ళు. ఒకసారి మలాయ్ సార్జంటు కిటికీలోంచి తొంగిచూసి, అంత సీటుండగా ఈమె మీ మీద పడి ఎందుకు కూర్చుందని అడిగాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు పాదం మీదికి జార్చేసింది. నాన్న తొణక్కుండా, "బారు కావిన్, తువాన్," అన్నాడు. కొత్తగా పెళ్ళయింది దొరా, అని. సార్జంటు వెనక సీట్లో బడి జడలతో ఉన్న నన్ను చూశాడు, నాన్నని చూశాడు, టోపీ పైకి నెట్టుకుని నవ్వుతూ పొమ్మన్నాడు.

నాన్న ఉద్యోగం అలా నిలబడింది. దానితోపాటు ఇంకొకటి మొదలైంది. రెండో డివిజన్‌లో మంత్రసాని ముసలమ్మ చనిపోయాక ఇంకెవరూ రాలేదు. ఆడవాళ్ళు నాన్న ముందు తల దించుకుని "జొరం" అనేవాళ్ళే తప్ప, అసలు బాధ చెప్పేవాళ్ళు కాదు. అమ్మ బండి దిగి వాళ్ళతో వేపచెట్టు కింద కూర్చుంటే అన్నీ చెప్పుకునేవాళ్ళు. అమ్మ వచ్చి నాన్న చెవిలో వేసేది. తర్వాత తర్వాత కాన్పులకి నాన్న గుమ్మం బయట నిలబడి ఏం చెయ్యాలో చెప్తుంటే లోపల అమ్మ చేసేది. ఇంకొన్నాళ్ళకి నాన్న చెప్పడం కూడా మానేసి బయట బీడీ కాల్చుకునేవాడు. లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడగానే కారు హారను ఒకసారి మోగించేవాడు, లైనంతా తెలియాలని. డ్రెస్సరమ్మ వస్తే చాలు అనుకునేవాళ్ళు ఆ డివిజన్ ఆడవాళ్ళు. పొద్దున్నే కొప్పు ముడుచుకుని, ఉడకబెట్టిన కత్తెర, పాత గుడ్డలు సంచీలో సర్దుకుంటున్నప్పుడు అమ్మ ముఖంలో ఉండే వెలుగు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆ వెలుగంతా ఒక క్లచ్ పుణ్యమని అప్పుడు నాకు తట్టలేదు.

మెర్డేకా వచ్చింది, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం. తోట ఆఫీసు ముందు రేడియో పెట్టారు, కొత్త జెండా ఎగరేశారు, పిల్లలందరికీ మిఠాయి పంచారు. మా వైపు అడవి కూడా అప్పటికి చల్లబడింది. తోట మేనేజరు దొర ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు. పోయేముందు నాన్నని పిలిపించి, ఆయనకొచ్చిన తోట అరవంలో, "ఇద్దరు కలిసి తోలే బండి ఇంకెన్నాళ్ళు?" అన్నాడు. నాన్నకి భూమిలోకి కుంగిపోయినట్టయింది. దొరకి మొదటినుంచీ తెలుసట! చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

దొర చెప్పింది ఇది. ఆసుపత్రి కారు పాతబడింది, ఎలాగూ మార్చాలి. టౌనులో పాత కారులాంటిదే, గేర్లున్న కొత్తది ఒకటి చూసి ఉంచాడు. లేదంటే తన సొంత కారుంది, తోటకి వదిలేసి పోతాడు. దానికి క్లచ్ లేదు, గేర్లు అవే పడతాయి. నాన్న ఏది కావాలంటే దానికి సంతకం పెడతాడు. వచ్చే మేనేజరు ఎలాంటివాడో తెలియదు కాబట్టి ఆలోచించుకోమన్నాడు.

నాన్న ఆలోచించుకోవడానికి దొరగారి మలాయ్ డ్రైవరు ఆ బండిని మా గుమ్మం ముందుకే తెచ్చాడు. తను మాత్రం దాన్ని ఏనాడూ మెచ్చలేదట. "ఇని కెరెతా ఓరాంగ్ మలాస్ లా," అన్నాడు. సోమరిపోతుల బండి అని. డ్రైవరన్నాక గేరెయ్యాలి, ఇంజను గొంతు వినాలి, ఇదేం బతుకు అని సణిగాడు. మధ్యలో ఆగితే మామూలు బండిలా నలుగురు తోస్తే లేచేది కాదు, జాగ్రత్త అని కూడా చెప్పాడు. నాన్న ఇవేవీ విన్లేదు. స్టీరింగు ముందు ఒక్కడే కూర్చున్నాడు. పక్కన డ్రైవరు, వెనక అమ్మా నేనూ. గేరు కర్ర ఒకచోట పెట్టి కుడికాలితో నొక్కాడు. బండి ఊగలేదు, దగ్గలేదు. నీళ్ళమీద పడవలా కదిలిపోయింది.

పొగ షెడ్డు దగ్గర ఎత్తు ఉంది, రబ్బరు షీట్లు పొగబెట్టి ఆరబెట్టే చోట. అక్కడ కావాలని ఆపి మళ్ళీ ఎక్కించాడు. బండి మెత్తగా ఎక్కేసింది. నాన్న పెద్దగా నవ్వుతున్నాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. లైన్ల ముందు నుంచి వస్తూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "మెర్డేకా!" అని అరిచాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. బండి దిగగానే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు గేర్ల బండి కూడా చూశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక చుట్టు తిప్పారు. అది కూడా మంచి బండే. అమ్మ కాలు ఎప్పటిలాగే పనిచేసింది. ఆ సాయంత్రం అన్నం దగ్గర నాన్న అడిగాడు.

"ఏటే, ఏది తీసుకోమంటావు?"

"అడగడానికేటున్నాది? దొరగారిదే తీసుకోండి. రేపు నాకు జొరమొస్తే మీ ఉద్యోగం ఏటవుతాది?"

"అదీ నిజమే," అన్నాడు నాన్న, ఎంత తేలిగ్గానో! పులుసు ఇంకొంచెం పొయ్యమన్నాడు.

నాకు నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. చేతులు కడుక్కునే వంకతో వంటింట్లోకి వెళ్తే అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. ఎందుకమ్మా అన్నాను. "కాలుకి పని నేదు కదే. ఇంక నన్ను గేటు దాటించేదెవరు?" అంది. పెద్ద మాట కాదు. కానీ అమ్మకి ఉన్నదంతా దానిలోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ క్వార్టర్సు, కుళాయి, గుడి.

దొర వెళ్ళిపోయిన మర్నాడు నాన్న కొత్త బండిలో రెండో డివిజన్‌కి బయల్దేరాడు. ఒక్కడే. నాకు బడి సెలవు. అమ్మ గుమ్మం దాకా వచ్చి మందుల పెట్టె బండిలో పెట్టింది. "జాగర్త," అంది. బండి గేటు దాటేదాకా నిలబడి, లోపలికొచ్చి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. సంచీలోని పాత గుడ్డలు తీసి మడతపెట్టి బల్ల కింద తోసేసింది.

నాన్న ఎప్పుడూ మధ్యాహ్నం దాటితే గాని వచ్చేవాడు కాదు. ఆ రోజు పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కకుండానే బండి చప్పుడయింది. దిగకుండా కిటికీలోంచే పిలిచాడు.

"ఒసే, ఓపాలి రా."

అమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఏటయింది? బండి ఆగిపోనాదా?"

"బండికేటి కానేదు. సివరి లైన్లో పిల్లదానికి నొప్పులొచ్చినాయి. గుమ్మం దగ్గరకెల్తే దాని అత్త తలుపు మూసీసినాది. డ్రెస్సరమ్మ ఏదీ అంటాది. నాకు తెలుసంటే ఇననంటాది. లైను లైనంతా వొచ్చి నన్ను తిట్టినారు, ఆవిడని దింపేసి ఒక్కడివీ ఎందుకొచ్చినావని."

అమ్మ కదల్లేదు. "క్లచ్ నేదు కదా, నానెందుకు?"

నాన్నకి తప్పయిందనడం చేతకాదు, ఎప్పుడూ చేతకాలేదు. స్టీరింగు వైపే చూస్తూ, "క్లచ్ కోసం కాదే. నీ కోసం," అన్నాడు.

అమ్మ లోపలికెళ్ళింది. బల్ల కింద సంచీ లాగి గుడ్డలు మళ్ళీ సర్దింది, కత్తెర వేసుకుంది, తలుపు దగ్గర అద్దంలో బొట్టు చూసుకుంది. తొందరేమీ పడలేదు. బయట నాన్న రెండుసార్లు హారను కొట్టినా లెక్కచెయ్యలేదు. నేను పరుగున వెళ్ళి వెనక సీట్లో ఎక్కాను.

నాన్న అలవాటుగా తన పక్కన చోటు చూపించి, "ఇటు జరుగు," అన్నాడు. అమ్మ జరగలేదు. అవతలి కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఇద్దరి మధ్యా పెట్టి, రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుంది. కొంగు సర్దుకుని నాన్న వైపు తిరిగింది.

"ఇంకా ఏటి సూస్తన్నారు? అక్కడ పిల్లది నొప్పులు పడతన్నాది. బండి తియ్యండి."

నాన్న బండి తీశాడు.