మిల్లు కూడలిలో చేట పట్టిన బొమ్మ

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. పాలు పోసే మనిషి ఎదురుగానే చెంబులో వేలు ముంచి చూసేదాన్ని. కందిపప్పులో రాళ్ళు ఏరేది ఇంటికి వచ్చాక కాదు, అంగట్లోనే, అంగడాయన కళ్ళ ముందే. "నీ కోడలికి దేవుడు ప్రత్యక్షమైనా గిల్లి చూస్తాది" అని ఇరుగమ్మలు మా అత్తతో అనేవాళ్ళు. అత్త నవ్వి ఊరుకునేది. ఆమెకు నాలో నచ్చనిది వేరే ఉంది. అది నా బొట్టు. నాకు నేను పెట్టుకున్నా, పేరంటానికి వచ్చిన వాళ్ళకు పెట్టినా, అది కొంచెం నా ఎడమచేతి వైపుకే పోయేది. "రాతిపనోళ్ళ ఇంటి కోడలివి, నడిమికి పెట్టడం రాదా మే?" అని రోజూ ఒకసారైనా అనేది.

మా ఇల్లు ఆళ్ళగడ్డలో. మా ఆయన విగ్రహాలు చెక్కేవాడు. ఆంజనేయులు, వినాయకులు, నాగులు, పల్లెల పొలిమేరల్లో పెట్టే అమ్మవార్లు. ఇంటి ముందు పందిట్లో పొద్దున మొదలైన ఉలి చప్పుడు పొద్దు గూకేదాకా ఆగేది కాదు. ఆ చప్పుడులోనే నేను పిల్లలకు పాలిచ్చాను, పద్యాలు నేర్పాను, పోట్లాడాను. అది ఆగితేనే నాకు ఏదో తేడాగా అనిపించేది.

కర్నూలు నుంచి రాజధానిని హైదరాబాదుకు పట్టుకుపోయిన మరుసటి ఏడాది ఆయనకు నంద్యాలలో ఒక గుడి మండపం బాగుచేసే పని వచ్చింది. నెలరోజులు అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చిన రెండో రోజే, ఎప్పటినుంచో మంచి పని కోసం దాచి ఉంచిన నల్లరాయిని పందిట్లోకి దొర్లించుకున్నాడు.

"ఏ ఊరి దేవుడు?" అని అడిగాను.

"దేవుడు కాదు. ఒక ఆడమనిషి. చేటతో వడ్లు చెరుగుతా ఉంటాది."

"ఎవరు చేయమన్న్యారు?"

"ఎవరూ చేయమనలే. నంద్యాలలో మిల్లు కాడ నాలుగు దార్లు కలిసే చోట పెడతా. ఉత్తికే."

ఇంట్లో ముగ్గురు పిల్లలు, అత్త, నేను. ఉత్తికే అన్న మాట ఆయన నోట అంతకుముందు నేను విన్న గుర్తు లేదు. ఇంతకీ ఎందుకు అని మళ్ళీ మళ్ళీ అడిగితే, చివరికి ఒకరోజు ఉలి పక్కన పెట్టి చెప్పాడు. "నేను చేసినవన్నీ గుళ్ళలోకి పోయినాయి. జనం వచ్చి కండ్లు మూసుకొని మొక్కుతారు. కండ్లు తెరిచి చూసేటోడు ఒకడూ లేడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, జనం పక్కన కూచొని చూసేది చేయాల. దాని చుట్టూ అరుగు వేస్తా. ఎవరైనా సరే వచ్చి కూచోవాల."

విగ్రహానికి కళ్ళు చిట్టచివర తెరుస్తారు. ఆ రోజు పని చేసేవాడు తలస్నానం చేసి, ఏమీ తినకుండా, మంచి గడియ చూసి కనుపాప చెక్కుతాడు. అప్పటిదాకా అది రాయి, ఆ తర్వాత దేవుడు. "దీనికి కండ్లు తెరిచేది లే. తెరిస్తే మొక్కుతారు" అన్నాడు. తల వంచి చేటలోకి చూస్తున్నట్టు చెక్కి, కనురెప్పలు దించేశాడు.

నాకు ఆయన చెప్పింది అర్థమైంది. నమ్మకం మాత్రం కుదరలేదు. ఆ ముఖం అంత చక్కగా ఉంది మరి. కొనదేలిన గడ్డం, చెవి పక్కన ఊడిన వెంట్రుకలు, పైకి దోపిన చీర చెంగు. దేవతలకైతే కొలతలుంటాయి, ముఖం ఇంత, మెడ ఇంత అని. దీనికి ఏ కొలతా లేదు. కొలత లేనిది కంటితో చూసి చెక్కినదే అయి ఉండాలి. ఎవరిని చూశాడు?

పైగా నెలకు రెండుసార్లు నంద్యాల పోయేవాడు. "ఏం పని?" అంటే "చూడాల" అనేవాడు. వచ్చాక చొక్కా ఉతకబోతే మడతల్లో తవుడు. ధాన్యం తోలుకుపోయే పక్కింటాయన ఒకసారి వాకిట్లో నిలబడి నాకు వినపడేట్టు, "మీవోడు మిల్లు కాడ ఆడోళ్ళను చూస్తా కూచుంటాండాడు, పూటపూటంతా" అని అత్తతో చెప్పి పోయాడు. అత్త నా వైపు చూడలేదు. అనుమానం పెనుభూతం అంటారు. అది నాకు కొత్తగా పట్టలేదు, ఎప్పటినుంచో ఇంట్లో ఉన్నదే, ఆ రోజు పీట వేసుకుని కూర్చుంది.

నంద్యాలవాళ్ళ అనుమానం నా అనుమానానికి తక్కువేమీ కాదు. కూడలి దగ్గర చిన్న చిన్న తగాదాలు తీర్చే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన మాట లేకుండా అక్కడ రాయి పాతే వీలు లేదు. మా ఆయన వెళ్ళి అడిగిన రోజు నేనూ పక్కన ఉన్నాను. ఆ ముఖం ఎవరిదో కనిపెడదామనే పిల్లల బట్టల వంక పెట్టుకుని వెంటపడి వెళ్ళాను.

"ఉత్తికేనా?" అన్నాడు పెద్దమనిషి.

"ఉత్తికేనన్నా."

"ఉత్తికే వచ్చేవి గాలీ వానా. వాన గూడా ఈ మధ్య రాకుండా పోయ. నీకేం కావాలప్పా, నిజం చెప్పు."

"నలుగురూ చూస్తే చాలు."

"చూసినాక?"

"చూసినాక ఏముందన్నా, ఎవరి పనికి వాళ్ళు పోతారు."

ఈ జవాబుతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది. కాసేపు మా ఆయన ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. "పెట్టుకో. తేడా వస్తే బండికెత్తించి నీ ఇంటి కాడ దింపిస్తా" అన్నాడు.

ఊరంతా తలా ఒక కారణం వెతికింది. బొమ్మ కింద ఏదో పాతిపెడుతున్నారన్నారు కొందరు. మిల్లు యజమాని, కూలి ఆడవాళ్ళను ఎగదోయడానికే ఇది అన్నాడట. రాబోయే ఎన్నికల్లో ఎవడో చేట గుర్తు మీద నిలబడతాడు, ఇప్పటినుంచే అలవాటు చేస్తున్నారు అని టీ అంగట్లో తేల్చారు. చర్చి బడిలో పాఠాలు చెప్పే పంతులు ఒకాయన మా ఆయన్ను దారిలో ఆపి, "ఇది మొక్కే బొమ్మనా, కాదా?" అని సూటిగా అడిగాడు. కాదన్నాడు ఈయన. "అయితే మావాళ్ళు గూడా కూచోవచ్చా?" అని అడిగాడు పంతులు. "మీవాళ్ళు కూచోవాలనే గదా సామీ చేస్తాండేది" అన్నాడు. పంతులు తలాడించాడు గానీ నమ్మినట్టు కనపడలేదు.

నిలబెట్టే రోజుకు రెండు రోజుల ముందే వడ్ల లారీలో బొమ్మను తెచ్చారు. గడ్డి పరిచి, గోనెలు చుట్టి, పసిబిడ్డను దింపినట్టు దింపారు. చుట్టూ నాపరాళ్ళతో మోకాలెత్తు అరుగు వేశారు. నిలబెట్టే రోజు అత్తా నేనూ కూడా వెళ్ళాం. పొద్దున్నే గోనెలు విప్పారు. జనం దూరంగానే నిలబడ్డారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు అరుగు అంచున ఇలా కూర్చుని అలా లేచారు. మా ఆయన ముఖం ఆ రోజు ఎలా ఉందంటే, పెళ్ళి నాడు కూడా నేను అలాంటి సంతోషం చూడలేదు. ఆ సంతోషమే నా గుండెలో ముల్లులా దిగింది. నన్ను చూసి ఎన్నడూ అలా వెలగని ముఖం దీన్ని చూసి వెలిగింది. ఎవరిది ఈ మొహం?

మధ్యాహ్నం మగవాళ్ళంతా అన్నానికి వెళ్ళారు. అత్త కునుకు తీస్తోంది. నా దగ్గర ఎప్పుడూ ఉండే పసుపు కుంకుమల భరిణె తీశాను. అరుగెక్కి బొమ్మ ముఖానికి ఇంత పసుపు రాసి, నొసట పెద్ద బొట్టు పెట్టాను. నా లెక్క చాలా తేలిక. బొట్టు పెడితే అది అమ్మవారు. అమ్మవారైతే అది ఏ ఆడదీ కాదు. నా మొగుడు ఎవరినో చూసి చెక్కాడని ఇక ఎవరూ అనలేరు, నేనూ అనుకోను.

ఆయన తిరిగొచ్చాడు. రాతి దుమ్ము తుడవడానికి తడిగుడ్డ పట్టుకుని అరుగెక్కాడు. బొట్టు చూశాడు. గుడ్డ చేతిలోనే ఉంది. తుడవకుండా దిగిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే నోరెత్తలేదు అనుకున్నాను నేను.

సాయంత్రానికి ఇంకో నాలుగు బొట్లు పడ్డాయి. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పెద్దమనిషి వచ్చి చూసి, పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "మొదలే చెప్పింటే అయిపోతాండె గదప్పా, అమ్మోరని! మొక్కుబడి చెల్లిస్తాండావన్నమాట. ఉత్తికే ఎవరిస్తారు, నాకు అప్పుడే అనుమానం" అని మా ఆయన భుజం తట్టాడు. మా ఆయన ఒక్కసారి నా వైపు చూసి, గుడ్డ పిండుకుంటూ పక్కకు పోయాడు.

నెల తిరక్కముందే ఎవరో మొక్కుకుని వెండి కళ్ళు తెచ్చి బొమ్మ రెప్పల మీద అతికించారట. ఆళ్ళగడ్డకు ఆ వార్త వచ్చినప్పుడు ఆయన ఒక నాగప్రతిమ చెక్కుతున్నాడు. విన్నాడు, మళ్ళీ సుత్తి ఎత్తాడు. ఇక నంద్యాల పోతానని ఎప్పుడూ అనలేదు. నాకు మనశ్శాంతి దొరికింది అనుకున్నాను. అబద్ధం చెప్పను, కొన్ని నెలలు హాయిగానే ఉన్నాను.

ఆ ఏడు ఎండాకాలం, గోస్పాడులో మా చెల్లెలి బిడ్డ నామకరణానికి పోతూ నంద్యాలలో బస్సు దిగాను. గోస్పాడు బండికి ఇంకా టైం ఉంది. కాళ్ళు వాటంతటవే కూడలికి పోయాయి. అరుగు చుట్టూ ఇనప కమ్మీలు, పైన రేకుల పందిరి, ఒక గంట. వెండి కళ్ళు వేసుకుని బొమ్మ నన్నే చూస్తున్నట్టుంది. ఎదుటి పక్క, మండుటెండలో, మిల్లు గోడకు ఆనుకుని ఐదారుగురు కూలి ఆడవాళ్ళు సద్దిమూటలు విప్పుకున్నారు. వాళ్ళలో ఒక ముసలామె రోడ్డు మీద రాలిన వడ్లు ఊడ్చి తెచ్చుకుని చేటలో చెరుగుతోంది.

ఆమె ఎడమ మణికట్టు. చెరిగేటప్పుడు ఎడమ చెయ్యి లోపలికి తిరిగి, చిటికెనవేలు చేట అంచును వదిలి పైకి లేచేది. బొమ్మ చెయ్యి అచ్చం అదే. పందిట్లో ఏడెనిమిది నెలలు రోజూ చూసిన చెయ్యి, నేనెలా మరిచిపోతాను?

అరవై దాటిన మనిషి. ముఖమంతా మశూచి మచ్చలు. ముందు పళ్ళు రెండు లేవు.

"అవ్వా, ఆ బొమ్మ నీదేనా?" అని అడిగాను.

ఆమె పకపకా నవ్వింది. "నాదా! నా మొగం అంత సక్కగుంటాదా తల్లీ? మొగం ఆయప్ప మనసులోది. చెయ్యొకటే నాది. చెయ్యి చూస్తా కూచునేటోడు పాపం, దుడ్లిచ్చింటే ఇంగా బాగా చెరిగేదాన్ని. ఎండన తింటాండారు గదవ్వా, కూచోనీకె అరుగు వేస్తా అన్న్యాడు. వేసినాడు గూడా."

"మరి ఈడ ఎందుకు కూచున్న్యావు?"

"అమ్మోరి అరుగు గదమ్మా ఇప్పుడు. మేము ఊరి బయటోళ్ళం, చర్చికి పోయేటోళ్ళం. కమ్మీల కాడికి గూడా రావద్దన్న్యారు." చేట దించి, బొమ్మ వైపు చూసింది. "నిలబెట్టిన పొద్దు ఒక్క గడియ కూచున్న్యా. చల్లగుండె తల్లీ రాయి. అంతలోనే ఎవరో బొట్టు పెట్నారు."

ఆ ఎవరో నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. నేలమీద ఆమె పక్కన కూర్చున్నాను. మట్టి కాలుతోంది. ఆమె తన జొన్నరొట్టె విరిచి సగం ఇచ్చింది. తిన్నాను. ఎదురుగా నీడలో అరుగు ఖాళీగా ఉంది. గోస్పాడు బండి పోయిన సంగతి కూడా తెలియలేదు.

ఇంటికి వచ్చి, పందిట్లో పనిచేసుకుంటున్న ఆయన ముందు నిలబడ్డాను.

"ఆ పొద్దు బొమ్మకు బొట్టు పెట్టింది నేను" అన్నాను.

"తెల్సు" అన్నాడు, తల ఎత్తకుండానే. "ఎడం పక్కకు ఉండె."

"తెల్సీ తుడ్చలేదే? అప్పుడే తుడిచింటే ఎవరూ చూసేటోళ్ళు కాదు గదా. గుడ్డ చేతిలోనే ఉండె గదా!" నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఆయన ఉలి కింద పెట్టాడు.

"నువ్వు పెట్టిన బొట్టు నా చేత్తో ఎట్ల తుడుస్తానే?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన దేవుళ్ళను తప్ప ఏమీ చెక్కలేదు.