పదహారు శుక్రవారాల చొక్కాలు

ఊళ్లు పట్టుకు తిరగడం మొదలుపెట్టాక నాకొక సంగతి తెలిసింది. పాత రాజుల కోట చూపించే గైడు గొంతు పెంచి మాట్లాడతాడు. నిన్నమొన్నటి ప్రభుత్వం మనుషుల్ని మాయం చేసిన ఇల్లు చూపించే గైడు గొంతు తగ్గిస్తాడు. వింటున్నవాళ్లలో ఎవరి మేనమామ ఆనాడు ఏ కుర్చీలో కూర్చున్నాడో చెప్పలేం కదా! ఇది నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా లేదు. చెప్పులరిగితే తెలిసింది. సరే, నా సోది అలా ఉంచి చొక్కాలమ్మ సంగతి చెబుతాను.

ఆ ఊళ్లో ‘చీకటి ఏళ్ల నడక’ అని రెండు గంటల కార్యక్రమం ఉంది. జనాన్ని వీధులవెంట నడిపించి, చివరికి మూడంతస్తుల బూడిదరంగు భవనంలోకి తీసుకెళతారు. నడిపించే ఆమెకు డెబ్భై దాటాయి. తోటి గైడ్లు పెట్టిన పేరే చొక్కాలమ్మ.

ఇరవై రెండో ఏట బాబాయి సిఫారసుతో ఆమెకు ఆ భవనంలోనే ఉద్యోగం దొరికింది. బట్టల కౌంటరు. ఒక కిటికీ, ఒక చెక్కబల్ల, ఒక రిజిస్టరు. మంగళవారం లోపల నిర్బంధించినవాళ్ల కుటుంబాలు ఉతికిన బట్టలు తెచ్చిస్తాయి. శుక్రవారం వచ్చి మాసినవి పట్టుకుపోతారు. లోపలి మనిషి బతికే ఉన్నాడనడానికి వాళ్లకున్న ఆధారం ఆ మాసిన చొక్కా ఒక్కటే. అక్కడే, రోడ్డుమీదే, ముక్కుకు ఆనించుకుని వాసన చూసుకునేవారు. మనిషి పోతే రిజిస్టరులో పేరుమీద ఎర్రగీత పడేది. అప్పుడు తెచ్చిన మూట వెనక్కి తోసి ‘బదిలీ’ అనాలి. ఎక్కడికని అడిగితే కిటికీ మూసెయ్యాలి. ఆమె చాలామందికి ఆ మాట చెప్పింది, చాలాసార్లు కిటికీ మూసింది.

ఒక మార్చి పదకొండున, మంగళవారం, ఒక బడిపంతులమ్మ భర్త పేరుమీద గీత పడింది. పంతులమ్మ అప్పటికే నీలం చొక్కా బల్లమీద పెట్టింది.

“పై గుండీ వేరే రంగు దారంతో కుట్టాను. ఆ రంగు దొరకలేదని చెప్పండమ్మా, లేకపోతే సణుగుతారు.”

కౌంటరు పిల్ల ‘బదిలీ’ అనలేకపోయింది. మూట లోపలికి తీసుకుంది. సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లింది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు.

“మూడు రోజులు ఇది తొడుక్కో.”

“ఎవరిదే ఇది? పీక పట్టేస్తోంది.”

“నోరు మూసుకుని తొడుక్కో.”

“ఆహా, నీ పుణ్యమా అని ఇస్త్రీ చొక్కా! పెళ్లికి కూడా ఇంత మర్యాద జరగలేదు నాకు.”

శుక్రవారం ఆ మాసిన చొక్కా పంతులమ్మ చేతికి వెళ్లింది. మూడో వారానికి మెకానిక్కుకు సంగతి అర్థమైంది. హాస్యాలు ఆగిపోయాయి. మంగళవారం రాగానే తనే చెయ్యి చాచేవాడు. ఒక్క శుక్రవారం గడిస్తే చాలనుకున్నది పదహారు శుక్రవారాలు సాగింది. తరవాత ఆమెను పై అంతస్తుకు మార్చారు. జూలై మొదట్లో కౌంటరుకు వచ్చిన కొత్త మనిషి పంతులమ్మకు ‘బదిలీ’ అని చెప్పేసి కిటికీ మూసింది.

ప్రభుత్వం పడిపోయింది. భవనం మ్యూజియమైంది. లోపలి గదులు తెలిసిన మనిషి కావాలని ఆమెనే పిలిచారు. పదకొండేళ్లుగా కౌంటరు దగ్గర నిలబడి ఈ కథ చెబుతోంది, ‘ఒక ఉద్యోగిని’ అంటూ, తారీఖుల్లేకుండా. జనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొడతారు. ఆఫీసువాళ్లకూ ఇష్టమే. ఇలాంటి నడకలో ఒక్క మంచి మనిషైనా తగలకపోతే సందర్శకులకు భోజనం సహించదట.

నేను వెళ్లిన రోజు తొమ్మిదిమందిమి. చప్పట్లయ్యాక అందరూ పెరట్లోకి నడిచారు. చేతికర్రతో వచ్చిన ఒక ముసలావిడ మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయింది. గోడమీది ప్రకటనలు అక్షరం వదలకుండా చదివే రోగం నాకుంది కనుక నేనూ ఉండిపోయాను.

“ఆ ఉద్యోగినివి నువ్వేగా?” అందావిడ. “మా మనవరాలు మొన్న ఈ నడకకొచ్చింది. దారం రంగుతో సహా చెప్పింది. ఎంత మంచి మనిషో నానమ్మా అని ఏడ్చింది.”

చొక్కాలమ్మ చెక్కబల్ల పట్టుకుంది. “అక్కా...”

“మెచ్చుకోడానికి రాలేదు. నాకు తారీఖు కావాలి. ఆయన జూలైలో పోయారనుకుని ఇన్నేళ్లూ జూలైలోనే దీపం పెడుతున్నా.”

ఇంకొక్క అబద్ధం చాలు, ఆవిడ వెళ్లిపోయేది. చొక్కాలమ్మ తల దించుకుంది.

“మార్చి పదకొండు.”

ఆవిడ వేళ్లు మడిచింది. మార్చి. ఏప్రిల్. మూడో వేలు మడిచి అక్కడే ఆగింది.

“మే నెలలో నన్ను పిలిపించారు. ఆయన స్నేహితుడు ఎక్కడ దాక్కున్నాడో చెబితే ఈయన్ని వదిలేస్తామన్నారు. నా సంచిలో ఆ వారం చొక్కా ఉంది, చెమట తడి కూడా ఆరలేదు. బతికున్నవాడి కోసం చెబుతున్నాననుకున్నా. చెప్పేశా.”

“వాసన తేడా తెలియలేదా అక్కా?”

“ఎందుకు తెలియలేదు? గ్రీజు కంపు. లోపల ఏదో పని చేయిస్తున్నారు, చేతులాడుతున్నాయి కదా అనుకున్నా. నవ్వొచ్చింది కూడా. మేకు కొట్టడం రాదు మా ఆయనకి.”

“మరి ఆ స్నేహితుడు?”

“పట్టుకొచ్చారు. అతని పేరు నీ కౌంటరుకు రాలేదులే. అతనికి చొక్కాలు తెచ్చేవాళ్లెవరూ లేరు.”

“మీ మంచికే చేశాననుకున్నా...”

“తెలుసు. అందుకే కడుపు మండుతోంది. చెడ్డదానివైతే నాలుగు తిట్టి హాయిగా పోయేదాన్ని.” గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “సగం కథ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నావు. మిగతాది కూడా చెప్పు.”

మధ్యాహ్నం నడకకు నేను మళ్లీ టిక్కెట్టు కొన్నాను. కౌంటరు దగ్గర చొక్కాలమ్మ మొదటిసారి ‘నేను’ అంది. మార్చి చెప్పింది, గ్రీజు చెప్పింది, మే నెల చెప్పింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

టోపీ పెట్టుకున్న ఒకాయన చెయ్యెత్తాడు. “ఇంతకీ తప్పు ఆవిడదా, మీదా?”

“ఎర్రగీత గీసినవాళ్లనీ, ఆవిడచేత చిరునామా చెప్పించినవాళ్లనీ వదిలేసి మమ్మల్నిద్దర్నే అడుగుతున్నారు చూడండి,” అంది, “వాళ్లిక్కడే పింఛను తీసుకుంటున్నారు. పొద్దున పార్కులో వ్యాయామం కూడా చేస్తారు.”

ఆ భాగం సందర్శకులకు బరువైపోతోంది, తీసేయమని ఆఫీసు కబురు పంపింది. ఆమె తీయలేదు. నెలాఖరుకు ఆమెనే తీసేశారు.