నాలుగు చక్రాలూ తిరిగాయి

నా పెళ్ళిని నా చేతులారా నేనే బురదలోకి దింపాను. మాటవరసకు అంటున్నది కాదండీ ఇది. మోకాటిలోతు నల్ల బురద, అందులో కోటు తొడుక్కున్న పెళ్ళికొడుకు, తెల్లని అంగీలో పాస్టరుగారు, మధ్యలో ఒక పాత మిలిటరీ జీపు. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను? చెబుతాను, నవ్వుకోండి. నవ్వు రానివాళ్ళు ఆ రోజు మా మామగారి ముఖం చూసి ఉండాల్సింది.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటేడు సంగతి. నేను శంషాబాద్‌లో మూడో తరగతి పంతుల్ని. మహేశ్వరం అవతలి పల్లెలో సంఘపెద్ద జకరయ్యగారి కూతురు సుగుణతో నాకు పెళ్ళి కుదిరింది. ముహూర్తాల గొడవ మాకు లేదు గానీ, అంతకంటే పెద్ద గొడవ ఒకటుంది. పెళ్ళి పెట్టుకున్నది మంగళవారం. బుధవారం నుంచి శ్రమకాలం, అంటే నలభై రోజుల ఉపవాసాలు. అది మొదలైతే ఈస్టరు దాకా మా సంఘాల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. పెళ్ళి చేయాల్సిన పాస్టరు అయ్యగారు పట్నం నుంచి రైల్లో వచ్చి, పెళ్ళిరోజు సాయంత్రం రైలుకే వెళ్ళిపోవాలి. మర్నాడు తెల్లవారకముందే పట్నంలో ఆయన ప్రార్థన నడపాలి. అందుకని ఒకరోజు ముందే రమ్మని, ఎడ్లబండిలో నెమ్మదిగా తీసుకురావడం ఆ పల్లె ఆనవాయితీ.

ఎడ్లబండా! నాకు చిన్నతనం అనిపించింది. అప్పట్లో పట్నం పక్కనున్న లష్కర్‌లో మిలిటరీవాళ్ళ పాత జీపులు అమ్ముతున్నారని విన్నాను. ఒకటి కొని, పంతులుగిరీ వదిలేసి, కిరాయికి తిప్పుదామని నా ఆలోచన. వెళ్ళి జకరయ్యగారి ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"అయ్యగారిని ముందుగాల పిలవకుండ్రి. పెండ్లినాడే స్టేషన్‌కెల్లి జీపుల తెస్త."

"గా బాట నీకెరికేనా? యాసంగి పంటకు చెరువు తూము ఇడిసిండ్రంటే ఎడ్లబండ్లే దిగబడ్తయి."

"ఎడ్లబండి దిగబడ్తది. నేను తెచ్చేది నాలుగు చక్రాలు గుంజే బండి. బురద గిరద దాన్నేం జేస్తది?"

"తేకపోతే?"

"తేకపోతే నాకు పెండ్లే వద్దు!"

అన్నాను. ఎవరూ అడగలేదు, బతిమాలలేదు, నా అంతట నేనే అన్నాను. జకరయ్యగారు మీసం దువ్వుకుని, "మంచిది. అందరు విన్నరు గద? మాట తప్పితే ఈస్టరు ఎల్లినంక కొత్తూరు కంపౌండర్ సంబంధం ఖాయం జేస్త," అన్నారు. తలుపు వెనక సుగుణ గాజులు గట్టిగా చప్పుడయ్యాయి. అది సంతోషమని నేను అనుకున్నాను.

బండి కొనడానికి నా వెంట మా నాన్న తమ్ముడు దీవెనయ్య కాకను తీసుకుపోయాను. నాకు మోటార్ల సంగతి తెలియదు. ఆయనకూ తెలియదు. కానీ ఎడ్ల అంగట్లో కాక మాటకు తిరుగు లేదు. ఎద్దు పండ్లు చూసి వయసు చెబుతాడు, నడక చూసి గుణం చెబుతాడు. బండైనా ఎద్దయినా పని చేసేదే కదా అనుకున్నాం ఇద్దరం.

లష్కర్‌లో ఒక సేటు పాత సామాన్ల కొట్టు ఆవరణలో రెండు జీపులున్నాయి. కాక ఒకదాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దీపాలు తట్టాడు. ఎద్దు తొడమీద చరిచినట్టు వెనక రేకుమీద ఒకటి చరిచాడు. ముందు మూత లేపి లోపలికి తల పెట్టి, "నోరు ఈడుందిరా యోహానూ!" అన్నాడు. పండ్లు దొరకలేదు కాబోలు, మళ్ళీ మూసేశాడు.

"అది మహంగ. ఇది సస్త," అన్నాడు సేటు రెండు బండ్లనూ చూపిస్తూ.

"రెండిటికి ఫరక్ ఏంది సేటూ?"

"దానికి కింద ఒక కడ్డీ ఎక్కువుంటది, నడుమకెల్లి ముందటి చక్రాల దాక. దీనికి లేదు."

"లేకుంటే ఏమైతది?"

"బండి జర హల్కా అయితది, బరువు తక్కువ."

కాక నన్ను పక్కకు లాక్కుపోయాడు. "ఒరేయ్, లేనిది ఇరగది గద! గా కడ్డీ ఉన్నోడు పరేషాన్ గావాలె. మనకేం ఫికర్?"

ఇంత పెద్ద ఆలోచన నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను. నా దగ్గరున్న డబ్బుకు ఆ ఖరీదైన బండి చక్రం కూడా రాదనేది వేరే మాట. అయినా పంతుల్ని కదా, ఒక ప్రశ్న అడగకపోతే బాగుండదు. "సేటూ, దీనికి నాలుగు చక్రాలు పని జేస్తయా?"

సేటు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "నా మాట నమ్మకుండ్రి భాయ్. తిరుగుతున్నయా లేదా మీ కండ్లతోని మీరే జూసుకోండ్రి."

ఇగో, ఇక్కడే పాఠకులు కొంచెం ఆగాలి. ఆ మనిషి ఒక్క అబద్ధం ఆడలేదు. ఇన్నేళ్ళుగా ఆయన్ని తిట్టుకుందామని ఎంత వెతికినా నాకు ఒక్క మాటా దొరకలేదు.

"నడక జూడాలె," అన్నాడు కాక. సేటు మనిషి బండి ఎక్కి మెల్లగా నడిపించాడు. ఒకవైపు నేను, ఒకవైపు కాక, నడుములు వంచి వెంట పరుగెత్తాం.

"ముందటిది తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది కాకా!"

"ఎనుకది?"

"ఎనుకది గూడ!"

"నా దిక్కు రెండు గూడ మంచిగ తిరుగుతున్నయి. నాలుగుకు నాలుగు! కొనెయ్‌రా!"

సేటు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పాపం, దగ్గు అనుకున్నాను.

పెళ్ళిరోజు రానే వచ్చింది. లారీ నడిపే ఒక తెలిసినాయన దగ్గర వారం రోజులు నేర్చుకున్న డ్రైవింగుతో, అరువు తెచ్చుకున్న కోటుతో, స్టేషన్‌కు వెళ్ళాను. అయ్యగారు కోస్తావైపు మనిషి, నిదానస్తుడు. బండిని పైనుంచి కిందికి చూసి, "నాయనా, ఇది వెళుతుందంటావా?" అన్నారు.

"నాలుగు చక్రాలు గుంజుతయి అయ్యగారూ. నేనే దగ్గరుండి జూసిన."

మహేశ్వరం దాటేదాకా నేనే రాజును. బాట పక్క పొలాల్లో నాట్లు వేసేవాళ్ళు లేచి చూస్తుంటే అవసరం లేకపోయినా హారన్ కొట్టాను. వెనక పూలదండల గంప పట్టుకుని కూర్చున్న కాక దారిన పోయేవాళ్ళందరికీ చెయ్యి ఊపాడు. పల్లె ఇంకో ఫర్లాంగు ఉందనగా పల్లం వచ్చింది. ముందు రోజే తూము విడిచారట, బాటంతా నీళ్ళు. అవతల మావిడాకులు కట్టిన ప్రార్థన గుడి కనిపిస్తూనే ఉంది. "చూడుండ్రి అయ్యగారూ," అని దించాను.

సగం దాకా పోయింది. ఆగింది. గట్టిగా తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి గోతులు తవ్వుకున్నాయి. ముందు చక్రాలు మాత్రం పిలుపు సరిగ్గా అందని చుట్టాల్లా బిగుసుకుని కూర్చున్నాయి.

కాక కిందికి వంగి చూసి కేక పెట్టాడు. "యోహానూ! ముందటియి తిరుగుతలేవురా!"

"అంగట్ల తిరిగినయి గద కాకా!"

"తిరిగినయి! నేను జూసిన! ఈడికొచ్చినంక ఏం రోగమొచ్చిందో!"

తొక్కినకొద్దీ దిగింది. గంట గడిచింది. చివరికి కాక పంచె ఎగ్గట్టి ఊళ్ళోకి పరుగెత్తాడు. పెళ్ళికి వచ్చిన జనమంతా గట్టుమీదికి వచ్చేశారు. అందరికంటే ముందు మల్లెపువ్వులాంటి ధోవతి, తలపాగాతో జకరయ్యగారు. కోపం దిగమింగుకుని, నలుగురితో కలిసి తానూ బండి వెనక చెయ్యి వేశారు. సరిగ్గా చక్రం వెనకే నిలబడ్డారు. "ఊఁ, తొక్కు!" అన్నారు.

తొక్కాను.

ఆగి వెనక్కి తిరిగి చూస్తే అక్కడ ధోవతీ లేదు, తలపాగా లేదు, మీసమూ లేదు. బురదలో రెండు కళ్ళు మాత్రం ఉన్నాయి. అవి నన్నే చూస్తున్నాయి.

అప్పుడు గట్టుమీది నుంచి సుగుణ దిగింది. తెల్ల పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చి, జీపు కిందికి వంగి చూసింది. లేచి కాకను అడిగింది. "బండి కొనేటప్పుడు ఏం జూసిండ్రు?"

"నాలుగు చక్రాలు తిరుగుతున్నయా లేదా జూసినం బిడ్డా."

"కింద కడ్డీయే లేదు, ముందటియి ఎట్ల గుంజుతయి? ఎడ్లబండికి గూడ చక్రాలు తిరుగుతయి. బండిని గవే గుంజుతున్నయా?"

కాక మళ్ళీ కిందికి వంగి చూశాడు. ఎద్దుల మధ్యే బతికిన మనిషికి ఎద్దు చేసే పని గుర్తుచేయాల్సి వచ్చింది. నాకైతే ఆ నల్ల నీళ్ళు నా నెత్తిదాకా వస్తే బాగుండుననిపించింది.

జకరయ్యగారికి మాట వచ్చింది. "పెండ్లి లేదు, గిండ్లి లేదు! తేకపోతే పెండ్లే వద్దన్నది ఈనే! ఊరంత విన్నది. నడువుండ్రి ఇంటికి!"

నిజం చెబుతున్నాను. బండి పోతే పోయింది. బండి కింద కడ్డీ లేదని ఒక్క చూపులో కనిపెట్టిన ఈ పిల్ల ఆ కంపౌండర్ ఇంటికి పోతుందే అనుకుంటే ఏడుపొచ్చింది.

అయ్యగారు గడియారం చూసుకున్నారు. ఇప్పుడు ఎడ్లబండి ఎక్కితే గానీ సాయంత్రం రైలు అందదు. గుడిదాకా పోయి వచ్చే సమయం లేదు. ఆయన చెప్పులు విప్పి బురదలోకి దిగి, పుస్తకమూ రిజిస్టరూ జీపు మూతమీద పెట్టారు.

"జకరయ్యగారూ, అబ్బాయి నన్ను తెచ్చాడా లేదా?"

"సగం దాక తెచ్చిండు!"

"సగం తెచ్చినవాణ్ణి పూర్తిగా కాదనడం కుదరదు. కాదనాలంటే మీరు కాదు, అమ్మాయి అనాలి. అడగడం నా పని. ఇలా రామ్మా."

నన్ను అడిగారు. ఆయన మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాను. తర్వాత సుగుణవైపు తిరిగారు. "అమ్మా, కష్టంలోనూ సుఖంలోనూ ఇతణ్ణి విడవకుండా ఉంటానని ఒప్పుకుంటావా?"

సుగుణ తలెత్తింది. నన్ను చూసింది. జీపును చూసింది. వాళ్ళ నాయన్ను చూసింది.

"కష్టం ఇయ్యాల్నే మొత్తం జూపెట్టిండు అయ్యగారూ," అంది. "ఇగ సుఖమే మిగిలింది. ఒప్పుకుంటున్న. గని ఈనతోని ఇంకొక ప్రమాణం జేపియ్యుండ్రి. ఇగ ఏది కొన్నా నేను కింద వంగి జూసినంకనే కొనాలె."

జనం గొల్లుమన్నారు. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, "చెప్పు నాయనా," అన్నారు. నేను బురద చెయ్యి పైకెత్తి, ఆ సంఘం ఎదుట బిగ్గరగా చెప్పాను. "యోహాను అనే నేను, తిరిగే చక్రానికీ గుంజే చక్రానికీ తేడా తెలియకుండా నా బతుకులో ఇంకే బండీ కొనను. లేనిది విరగదని చెప్పే కాకను వెంటపెట్టుకుని ఏ అంగడికీ పోను. సుగుణ వంగి చూసి సరేననే దాకా నా చెయ్యి జేబులోకి పోదు." ఈ రోజుకీ వంకాయలు కూడా ఆమెకు చూపించే కొంటున్నాను.

"ఆమెన్," అన్నారు అయ్యగారు. ఎడ్లబండి సిద్ధంగా ఉంది. రిజిస్టరులో పెళ్ళికూతురి తండ్రి వేలిముద్ర ఒక్కటే మిగిలింది. సిరా పెట్టె కోసం సంచీ అంతా వెతికారు, అది లేదు.

జకరయ్యగారు మెల్లగా వచ్చి, చెంపమీది బురదలో బొటనవేలు అద్దుకుని, నావైపు చూస్తూ రిజిస్టరుమీద గట్టిగా నొక్కారు.

"మా అల్లుని దయ అయ్యగారూ," అన్నారు. "ఇయ్యాల నా కాడ సిరాకేం కొదువ లేదు."