తిరిగొచ్చిన పెనం

నర్సీపట్నం సంతలో పోత ఇనుప పెనం కొనాలంటే చర్చి వీధి ఆడవాళ్లు జ్ఞానమణిని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆమె పెనాన్ని చెవిదాకా ఎత్తి, వేలి కణుపుతో కొట్టి వినేది. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే ఎక్కడో వెంట్రుకంత పగులున్నట్టే. కొట్టువాడు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఆ చెవి ముందు చెల్లేవి కావు.

తన పెనాన్నీ పెళ్లయిన కొత్తలో, డెబ్బై రెండులో, అలాగే ఏరుకుంది. గంజి పోసి నానబెట్టి, ఆముదం రాసి కాచి, ఉల్లిచెక్కతో రుద్ది రుద్ది మాలిమి చేసుకుంది. పదేళ్లు తిరిగేసరికి అట్టు దానంతటదే లేచేది. పిల్లలకంటే పెనాన్నే ముద్దు చేస్తావని భర్త జీవానందం వేళాకోళమాడేవాడు.

ఓ ఏడు క్రిస్మస్‌కి ఆడపడుచు కృపామణి వచ్చి ఆ పెనం అడిగింది. ఇంకెవరైనా అయితే జ్ఞానమణి ఏదో సాకు చెప్పేదే. కానీ తన కాన్పులన్నిటికీ పథ్యం వండిపెట్టిన మనిషి. కాదంటే కళ్లు పోతాయి. ఇచ్చింది.

ఎరువు తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా పంపకపోవడం ఆ వీధి మర్యాద. పండగ వెళ్లాక కృపామణి పెనం నిండా అరిసెలు పేర్చి తెచ్చింది. ఊరందరి పెనాలూ కొట్టి చూసే జ్ఞానమణి దాన్ని మాత్రం కొట్టలేదు. వదిన ఎదుట కొట్టి చూడటమంటే ముఖం మీద ఉమ్మినట్టే.

మర్నాడు అట్టు అంటుకుపోయింది. రెండోదీ అంతే. పెనం కడిగి, ఎండలోకి తెచ్చి, అప్పుడు కొట్టింది. మొద్దుగా పలికింది. అడుగున పగులు, దాని మీద దట్టంగా పులిమిన మసి. అది తన పెనం కాదు. కిందటేడు అదే కొట్లో కృపామణి కోసం తనే ఏరిపెట్టిన పెనం, తన దానికి జోడు. కాలే పెనం మీద చన్నీళ్లు పోసి పగలగొట్టుకుని ఉంటుంది.

జ్ఞానమణికి కోపమొచ్చింది. పెనం పోయినందుకు కాదు, తను కొట్టి చూడదని తెలిసే ఆ అరిసెలు పేర్చినందుకు.

తిన్నగా వాళ్లింటికి వెళ్లింది. కృపామణి పీట వేసి, అట్టు వేసింది. అట్లకాడ తగలకుండానే లేచిందది.

“అడిగితే నానే ఇచ్చీదాన్ని గదా వొదినా,” అంది జ్ఞానమణి. “అరిసిలెందుకు పేర్సినావు?”

కృపామణి కంచం ఇంకాస్త ముందుకు జరిపింది. “తిను, సల్లారిపోతాది,” అంది.

జ్ఞానమణి కంచం ముట్టకుండా లేచి వచ్చేసింది. ఆ తరవాత తన ఇంటికి ఏ గిన్నె తిరిగొచ్చినా, అందులో ఏం పెట్టి పంపినా, తెచ్చినవాళ్ల ఎదుటే బోర్లించి కొట్టి చూసేది.